పెద్దల్లుడి గెంతులు

నర్సీపట్నం పక్కనే బలిఘట్టంలో, బెల్లం వండే పొయ్యి దగ్గర కూర్చుని యూనివర్సిటీ కుర్రాడు ముసలి రైతును ప్రశ్నలడుగుతున్నాడు. అతని ఒళ్లో లావుపాటి థీసిస్ ఉంది.

"తొలి బెల్లం దించేముందు పెద్దల్లుడు పొయ్యి చుట్టూ ఒంటికాలి మీద గెంతుతాడట కదండీ?"

"ఎవుడు సెప్పాడు బాబూ?"

"ఇదిగో, పదేళ్ల కిందటి థీసిస్. నూట పన్నెండో పేజీలో మీ పేరే ఉంది."

"ఓరి నాయనో! ఆ బాబు మూడ్రోజులు మా ఇంట్లోనే మకాం ఏసేడు. ఏదో ఒక ఆచారం సెప్పందే కదల్నన్నాడు. మా ఇంటిది వండలేక సస్తంటే నోటికొచ్చింది సెప్పేసేను. బేగి బస్సెక్కేసేడు. అల్లుడేటి బాబూ, నాకున్నది నలుగురూ మగపిల్లలే!"

"నా పరిశోధనలో ఓ అధ్యాయమంతా దీనిమీదే నడిచిందండీ."

"అయితే తీసెయ్యండి."

"మా గైడుగారు ఒప్పుకోరండీ. ఆ థీసిస్ రాసింది ఆయనే."

"అయ్యబాబోయ్!"

"ఆచారం లేదని మాత్రం రాయలేను. ఎప్పుడు మానేశారో చెప్పండి, చాలు. లేదంటే ఈ రాత్రికి మీ ఇంట్లోనే ఉండి, రేపు ఊరంతా అడుగుతాను."

ముసలాయన ఓసారి ఇంటివైపు చూశాడు.

"మీ బస్సెన్నింటికి బాబూ?"

"ఐదింటికండీ."

"అయితే బేగి రాసుకోండి. గెంతతా గెంతతా మా పెద్దల్లుడు కాలిరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాది నుంచి మానేసేం."

కుర్రాడు గబగబా రాసుకుని తలెత్తాడు.

"కుడికాలా, ఎడమకాలా అండీ?"