క్వార్టర్ల ఉయ్యాలకు దూలమేడిది

— నాయనమ్మా, రేపు బాబును డాక్టరుకు చూపియ్యాలె. ఎక్కడ పండుకుంటడని అడుగుతరట. నా పక్కలనే అని చెప్పాల్నా, వద్దా?

ఏందీ, చెప్పాల్నా వద్దా అనా? ఇటు కూసో. బాబును నా ఒళ్లెయ్యి. అవ్, మెడ పట్టుకున్నలే, నాకు తెల్వదా ఏంది, నలుగురిని పెంచిన. నలుగురు కాదు, ఐదుగురు. మా ఆఖరి చెల్లెను గూడ నేనే పెంచిన. మా అమ్మ పొద్దుగాలనే పొలం పోతుండె, నేను దాన్ని సంకనేసుకొని ఊరంత తిరుగుతుంటి. సరే, అది వేరే ముచ్చట.

గీ మాట మీద నన్నడుగు, ఇంకెవలినీ అడగకు. పాల్వంచ దగ్గర మా కాలనీ దవాఖానాల, డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పిన మొదటి మనిషిని నేను. ఇప్పటికీ చెప్పుకుంట, చెప్పుకోనా మరి?

అప్పుడు మీ నాయన మూడు నెలల పిల్లగాడు. మాది బూర్గంపాడు అవతల అడివంచు ఊరు గద. మీ తాతకు కంపెనీల నౌకరి వచ్చినంక గా కాలనీకి వచ్చినం. క్వార్టరంటె ఒక్క అర్ర, ఒక వంటిల్లు. ఇంట్లనే నీళ్ళ నల్లా, ఇంట్లనే కరెంటు. మా ఊరోళ్ళొస్తె స్విచ్చి ఏసుడు, తీసుడు, మళ్ళ ఏసుడు. నేను చూసి మురుస్తుంటి. మంచమైతే ఒక్కటే, నులక మంచం. మీ తాతవి మూడు షిఫ్టులు, ఎప్పుడొస్తె అప్పుడు కింద చాపేసుకొని పంటుండె. మా అత్త వంటింట్ల. మంచం మీద నేను, మీ నాయన.

ఆ నులక వదులైపోయి నడుమ గుంట పడ్డది. బిగియ్యిమని ఎన్నిసార్లు చెప్పిననో మీ తాతకు. "ఆదివారం" అనేటోడు. ఆ ఆదివారం రాలేదు, ఏం చేస్తవ్! నేను ఒత్తిగిలితె పిల్లగాడు జారి జారి నా కిందికే వస్తుండె.

ఒక పొద్దుగాల లేచి చూస్తె నా రెక్క కింద ఉన్నడు బిడ్డా. మొఖం కమిలిపోయింది, మెడ వాలేసిండు. ఎత్తి వీపు నిమిరితె ఎంతసేపటికో ఏడ్సిండు. నా పానం పోయి వచ్చింది. దవాఖానాకు ఉరికినం. అక్కడికి పోయేసరికి నవ్వుకుంట కాళ్ళు ఆడిస్తుండు. డాక్టరమ్మ అంత చూసి, ఏం లేదు పొమ్మన్నది. వారం తిరగకముందే మళ్ళ గట్లనే అయింది.

మా అత్తకు చెప్పిన, నా కిందనే ఉన్నడని. నా నోరు మూసింది. "ఎవలితోనన్న అన్నవా? పిల్లగాని మీద పడి సంపబోయిందని కాలనీ అంత అంటది. గాలి సోకిందని చెప్పు" అన్నది. తాయెత్తు కట్టింది. చెడ్డది కాదు మా అత్త, ఆమె భయం ఆమెది.

ఇగ దవాఖానా సంగతి చెప్త. డాక్టరమ్మది కోస్తా దిక్కు, పొడుగు మనిషి, గొంతు పెద్దది. బెంచీ మీద ఆడోళ్ళు ఒకలికొకలు నేర్పుకుంటుండె, "ఏడ పండుకుంటడంటె ఉయ్యాలల అను, పక్కల అన్నవో, తిడతది" అని. నర్సుకు ఎంత అలవాటైందంటె, మనం నోరు తెరవకముందే కార్డు మీద ఉయ్యాల అని రాస్తుండె.

మూడోసారి పోయినం. డాక్టరమ్మ మొఖం మారింది. "గుండెలో ఏదో లోపముందేమో, వరంగల్ పెద్దాసుపత్రికి రాస్తాను" అని పెన్ను తీసింది. మా అత్త నా కొంగు గుంజుతుంది. నాకు ఒకటే అనిపించింది. లేని రోగానికి పిల్లగాణ్ణి సూదులతోని పొడుస్తరు, ఉన్న రోగం ఇంట్ల మంచం మీద ఉంటది, నాలుగోసారి వాడు లేవకపోతెనో?

"రాయకమ్మా. పిల్లగాడు నా కింద పడుతున్నడు. మా నులక గుంటలున్నది" అన్న. అని కండ్లు మూసుకున్న.

తిట్టలేదు. కార్డు తిప్పి చూసింది. "మరి ఇందులో ఉయ్యాల అని ఉందేమిటి?"

"క్వార్టర్ల ఉయ్యాలకు దూలమేడిదమ్మా? పైనంత స్లాబు. ఒక్కటే కొక్కెం, దానికి ఫ్యాను. ఏడ కడతం?"

ఆమె బల్ల మీది కార్డుల కట్ట దిక్కు చూసింది. "అయితే వీళ్ళందరూ?"

"అందరు పక్కలనే ఏసుకుంటరు. మీరు తిడతరని గట్ల చెప్తరు."

తలుపు సగం తెరిచే ఉండె. బయట బెంచీ మీదోళ్ళు లోపలికి తొంగి చూస్తుండ్రు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నా నోరే మీ చేత అబద్ధాలు చెప్పించింది" అన్నది. గంత చదువుకున్న మనిషి, నా ముందట గామాట అన్నది! నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినై.

ఇగ కూసోబెట్టి చెప్పింది. ఆ మంచం మీద పిల్లాణ్ణి పెట్టొద్దు. కింద చాప మీద వాడి బొంత వాడికే, నీ చెయ్యి అందేంత దూరంల. వెల్లకిల ఎయ్యి, మొఖం మీద బట్ట రానియ్యకు, పాలిచ్చినంక మళ్ళ వాడి చోట్ల వాణ్ణి ఎయ్యి. ఆ పూటనే మీ తాత మంచం తీసి బయట గోడకు నిలబెట్టిండు. మళ్ళ ఒక్కనాడు గట్ల కాలేదు.

నెలకో ఏమో టీకాకు పోయినం. డాక్టరమ్మ ఉయ్యాల మాటే ఎత్తలేదు. "ఇంట్లో మంచాలెన్ని? ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు? తిట్టను, చెప్పండి" అని ఒక్కొక్కలిని మెల్లగ అడుగుతుంది. మా పక్కింటామె చెప్పింది, ఆమె వెనక ఇంకొకామె. అప్పుడు మా అత్త, నా నోరు మూసిన మా అత్తనే, లేచి నిలబడి గట్టిగ, "అందరికంటె ముందుగాల చెప్పింది మా కోడలే" అన్నది. ఆమె నన్ను నలుగుర్ల మెచ్చుకున్నది గదొక్కనాడే. చాలు నాకు.

గందుకే బిడ్డా, రేపు అంత చెప్పు. మెత్తటి పరుపని, నీ పెనిమిటి గూడ గా మంచం మీదనే పంటడని, దుప్పటొకటే అని. డాక్టరుకు మన ఇల్లు కనపడదు, మనం చెప్తెనే కనపడుతది. తిడితె జరసేపు తల వంచుకో, ఏం పోదు. గా మూడు నెలల పిల్లగాడు ఇగో, మనుమణ్ణి ఎక్కించుకపోవాలని బయట బండి తుడుస్తుండు, సూడు. సల్లగుండు తల్లీ, నీ కొడుకు గూడ గట్లనే మనుమళ్ళనెత్తాలె...