పేరు చెప్పని గంట

నర్సు దయావతమ్మను సమాధి చేసి వచ్చిన మధ్యాహ్నం, రాయగడ చర్చి వరండాలో గంట కొట్టే ముసలాయన సంఘం కార్యదర్శి మేష్టార్ని పట్టుకున్నాడు.

"గంట తాడు ఎవులు ఇప్పీసేరు మేష్టారూ?"

"నేనే. కొత్త మైకు ఉంది కదా తాతా. పేరు, వయసు, టైము అన్నీ చెప్పేను. ఊరంతా వినిపించింది."

"ఇనిపించింది! మరి శవపెట్టి మొయ్యడానికి ఎంతమందొచ్చేరు?"

"నలుగురు."

"అందులో నానొకణ్ని! డెబ్బై రెండేళ్లోణ్ని!"

"జనం రాకపోతే మైకేం చేస్తుంది?"

"అదే సేసింది! పోయినోళ్లకి ఎన్నేళ్లో అన్ని గంటలు కొట్టీవోణ్ని. గంట పేరు సెప్పదు. ఎవులు పోయేరోనని అందరూ ఇక్కడికి పరిగెట్టుకొచ్చీవోరు. వొచ్చినోళ్లు మొయ్యకుండా ఎలిపోతారేటి? ఇప్పుడు ఇంట్లో కూకుని పేరు ఇనీసి, అయ్యో పాపం అనీసి, తలుపేసుకుంటన్నారు."

ముసలాయన పైనున్న గంట వైపు చెయ్యి చూపించాడు.

"నాను పోతే మాత్రం మైకులో సెప్పకండి. గంటే కొట్టండి."

"ఎందుకు తాతా?"

"కొడతన్నది నానే అనుకుంటారు. పోయింది ఎవులో సూడ్డానికైనా వొస్తారు."