ఎవరెవరి మనుషులో

ఏథెన్స్ గోడ బయట సభ జరుగుతోంది. ఇకపై అందరూ కాదు, నాలుగువందలమందే ఊరిని ఏలాలని కొందరు ధనికుల పట్టు. కాదనడానికి కుమ్మరి ముసలాయన లేవబోతే, అల్లుడు పైబట్ట పట్టి లాగాడు.

"కూర్చో మామా, నీకు పుణ్యముంటుంది!"

"వదలరా! ఈ సభలో మాట్లాడే హక్కు మా తాతల నాటిది."

"మొన్న ఇలాగే నోరెత్తిన ఫైలాగ్రోస్ శవమై రేవులో తేలాడు."

"ఇన్ని వేలమందిమి ఉన్నాం. ఏం చేస్తారు వాళ్లు?"

"వీళ్లలో ఎవరు వాళ్ల మనుషులో నీకేం తెలుసు? నీ పక్కవాడే కావచ్చు."

"నా పక్కన ఉన్నది నువ్వేగా!"

అల్లుడు వేదిక వైపు తిరిగాడు.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!" అని వేదిక మీంచి కేక వినిపించింది. అందరికంటే ముందు అల్లుడి చెయ్యి లేచింది.

ముసలాయన ఆ చేతినే చూశాడు. మెల్లగా తన చెయ్యీ ఎత్తాడు.

"నేను లేవబోయానని ఎవరితోనూ అనకండి, అల్లుడుగారూ."