సాళ్ళ నడుమ కూర

ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. కామారెడ్డి నుంచి అప్పుడే వచ్చిన సాయన్న ముందు భార్య తార పళ్ళెం పెట్టింది.

“తింటలేవేంది?”

“ఆకలైతలేదు.”

“రాంగనే అన్నం పెట్టు, అన్నం పెట్టు అంటివి గదా.”

“అంటి. ఇదేం కూర?”

“కనబడ్తలేదా? గంగవాయిలి. పప్పుల ఏసిన.”

“ఎక్కడిది?”

“గదేం అడుగుడు? మన చేన్లదే. మక్క సాళ్ళ నడుమ తెంపిన.”

“నిన్ననా?”

“ఇయ్యాల్నే. పొద్దెక్కినంక. ఏమయ్యా, పోలీసోని లెక్క అడుగుతున్నవు?”

“ఊకెనే. కడిగినవా?”

“ఎన్నడన్న కడగకుంట వండిన్నా?”

“తొక్కుంటె ఎయ్యి.”

“తొక్కు లేదు. మీ అవ్వ గుడ గిదే తిన్నది.”

“అవ్వ తిన్నదా? ఎంత తిన్నది?”

“కడుపునిండ. తిని పండుకున్నది.”

“మంచిగనే... మంచిగనే ఉన్నదా?”

“ఎందుకుండదు?”

“ఏం లేదు.”

“నీ మొకంల నెత్తురు సుక్క లేదు. ఏమైంది?”

“ఏం కాలేదంటున్న గదా! ఆ కూర బయట పారెయ్యి.”

“ఎందుకు?”

“చేదున్నది.”

“నోట్ల పెట్టకముందే చేదెట్ల తెలిసింది? వందనా! రా బిడ్డా, నువ్వన్న తిను. మీ బాపుకు చేదంట.”

“వస్తున్ననే అమ్మా. నాకు కూర ఎక్కువెయ్యి.”

“పిల్లకు పెట్టకు!”

“ఎందుకో చెప్పు, పెట్ట.”

“గిన్నె కింద పెట్టు తారా. చేన్ల గడ్డిమందు కొట్టిపిచ్చిన. పొద్దుగాల నేను బస్సెక్కంగనే కొట్టమని హరిలాల్‌కు చెప్పిన.”

“నా సాళ్ళల్లనా?”

“మక్కకేం కాదన్నరు. గడ్డే సస్తదన్నరు.”

“మక్క నడుమ నేనేసిన కంది గడ్డేనా? బొబ్బర్లు గడ్డేనా? నిరుడు మక్క ఎండిపోతె పొయ్యి మీద ఏం పెట్టిన? ఏం తిన్నరు మీరంత?”

“కలుపుకు మనుషులు దొరుకుతలేరు. నువ్వొక్కదానివే నడుం ఇరగ్గొట్టుకుంటున్నవని...”

“నా నడుం కోసమా? మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తె కొట్టనిస్తవా? లొల్లి తర్వాత పెట్టుకో. అవ్వను లేపు. ఆటోకు ఫోన్ చేస్త, దవఖానకు పోదాం.”

“కూసో. అవ్వ తిన్నదంటె మాట మింగినవు. పిల్ల దాక వస్తెగాని నోరు తెరవలే.”

“నీకు దండం పెడ్త, లెవ్వు!”

“కూసో అంటున్న. నువ్వు అటు బస్సెక్కినవు, నేను ఇటు చేన్లకు పోయిన. హరిలాల్ పంపు ఏస్కొని వచ్చిండు. ‘వదినా, గిండ్ల గడ్డేది, పంటేది’ అని అడిగిండు. గాయన అడిగిండు, నువ్వు అడగలే. పంపు తెరవనియ్యకనే వాపస్ పంపిన. తిను, ఒక్క బొట్టు పడలే.”