మసిబుగ్గగారి వంపుపలక

అదెక్కడ దొరికిందే నీకు, నా బీరువాలోనా? వంచకు, విరుగుతుంది. ఆటబొమ్మ కాదమ్మడూ, ఫ్రెంచ్ కర్వ్. మేం వంపుపలక అనేవాళ్ళం. ఒక్కో అంచుదీ ఒక్కో వంపు. కాగితం మీద చుక్కలు పెట్టుకుని, ఏ అంచు వాటి మీద సరిగ్గా కూర్చుంటుందో తిప్పి తిప్పి చూసి గీయాలి. అది మసిబుగ్గగారిది. అసలు పేరా? ఉండేది, ఉండకేం, హాజరుపట్టీలో. పడవలు కట్టేచోట మా డ్రాయింగ్ గదికి పెద్దాయన. గీత గీశాక బల్ల మీద బుగ్గ ఆనించి, ఒక కన్ను మూసి, గీత వెంబడే చూసేవారు. "పైనుంచి చూస్తే ఏ వంపైనా అందగత్తేనమ్మాయ్. పక్కనుంచి చూడు, బొడిపెలన్నీ బయటపడతాయి" అనేవారు. అందుకే కుడిబుగ్గ నిండా పెన్సిల్ మసి. వాళ్ళావిడేమో "మా ఇంట్లో దిండు గలీబులన్నీ ఒకవైపే నలుపండీ" అని మొత్తుకునేది. కోపిష్టి కూడానూ. ఈ పలక ఎవరైనా అడిగితే "నా పళ్ళసెట్టు అడుగు, ఇస్తాను" అనేవారు.

ఏం చెబుతున్నాను? ఆఁ. నేను చేరి మూడు నెలలు. ఉంచుకుంటారో పంపేస్తారో ఆరోజు తేలిపోవాలి. ముందురోజు ఒక పడవ పక్క వంపు గీశాను. గదిలో అందరం వాడే పలక అంచు చుక్కల మీద ఎంతదాకా కూర్చుంటే అంతదాకా లాగేసి, అక్కణ్ణుంచి ఇంకో అంచు పెట్టి మొదలెట్టాను. అదే నేను చేసిన తప్పు. కాస్త ముందే ఆగాలి, రెండో అంచు పాత గీత మీదికి కొంచెం ఎక్కి కూర్చోవాలి. లేకపోతే అతుకు తేలుతుంది. పొద్దున్నే ఆఫీసరు వచ్చి "వడ్రంగులు కాచుకుని ఉన్నారు, కాగితం ఇవ్వండి" అన్నాడు. మసిబుగ్గగారు బుగ్గ ఆనించారు. ఎంతకీ లేవరే! "ఇక్కడ గీత మోకాలు ముడిచింది" అన్నారు. ఆఫీసరు కళ్ళజోడు పెట్టి, తీసి, "నాకేం కనిపించట్లేదే" అన్నాడు. "మీకు కనిపించదు సార్, చెక్కకి కనిపిస్తుంది." "చెక్కకి కళ్ళున్నాయటయ్యా?" ఈయన సన్నటి చెక్కబద్ద తెచ్చి, గీత మీద వంచి, కదలకుండా సీసం దిమ్మలు పెట్టారు. బద్ద గీత వెంబడే పోయింది, పోయింది, నా అతుకు దగ్గర మాత్రం పక్కకి తప్పుకుంది. ఒక్క బియ్యపుగింజంత.

"ఎవరు గీశారిది?" అన్నాడు ఆఫీసరు. నేనేనండీ అన్నాను. ఇక ఇంటికే అనుకున్నాను. మసిబుగ్గగారు "గీసింది తనే, దిద్దేదీ తనే. మధ్యాహ్నానికి ఇస్తుంది, మీరు వెళ్ళండి" అని, ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ పలక నా చేతిలో పెట్టి టీకి వెళ్ళిపోయారు. చెరిపాను, గీశాను, మళ్ళీ చెరిపాను. మధ్యాహ్నం వచ్చారా, వచ్చీ రాగానే కాగితం చుట్టేసి వడ్రంగులకి పంపించేశారు. వంగలేదు, చూడలేదు. "అదేంటండీ, చూడరా?" అన్నాను.

"చూశానుగా."

"ఎప్పుడండీ?"

"గుమ్మంలోనే. నీ బుగ్గ."

పలక మాత్రం వెంటనే లాక్కున్నారనుకో. ఆయన ఉద్యోగం మానిన రోజున కానీ నాకు దక్కలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మీ తాతయ్య దిండు గలీబుల గురించి గొణుగుతూనే ఉన్నాడు...

ఇలా ఇవ్వు, తడిచేత్తో పట్టుకున్నావు. పాలు మాడుతున్న వాసనొస్తోంది, వెళ్ళి పొయ్యి కట్టెయ్.