జుట్టు కిరీటం

సమోవాలో ఊరి విందు ముగింపులో పెద్దింటి పెళ్లికాని పిల్లే, జుట్టుతో అల్లిన కిరీటం పెట్టుకుని నాట్యం ఆడాలి. పెళ్లికాని నలభై తొమ్మిదేళ్ల ఆడపడుచు తలకు వదిన ఆ కిరీటం కడుతోంది.

"ఇరవయ్యో ఏట నేను కత్తిరించి ఇచ్చిన జుట్టే ఇది. ఇంకా ఎంత నల్లగా ఉందో, సిగ్గులేనిది!"

"కదలకమ్మా. నీ తెల్లవెంట్రుకలు లోపలికి దోపాలి."

"మోకాళ్లు వంగడంలేదు వదినా. ఈసారి నీ కూతురు లాగీ ఆడుతుందని అన్నయ్యకు చెప్పావా? నేను కూర్చుని చప్పట్లు కొడతాను."

వదిన చేతులు ఆగిపోయాయి.

"లాగీ తెల్లవారుజామున పడవ నడిపే కుర్రాడితో లేచిపోయింది."

బయట డప్పులు మొదలయ్యాయి.

"నన్నూ ఒకడు రమ్మన్నాడు వదినా. ఈ కిరీటం ఎవరు పెట్టుకుంటారని ఆగిపోయాను."

"ఇప్పుడు మాత్రం ఇంకెవరున్నారమ్మా?"

"అందుకే, గట్టిగా బిగించు."