డ్రమ్ములవాడి విడిది

ఆ కొండమీది ఊళ్లో లాడ్జి లేదు. అందుకే పాడడానికి వచ్చిన బ్యాండువాళ్లను ఊరివాళ్లే తలా ఒకరిని తమ ఇంట్లో పెట్టుకుంటారు. కచేరీ హాల్లో కుర్చీలు వేస్తున్న పెద్దకోడలికి తోడికోడలి ముఖం చూస్తేనే ఒళ్లు మండుతోంది.

"ఈసారీ పాటగాడు మీ ఇంటికే! నా మొహాన మాత్రం డ్రమ్ములవాడు. విడుదులు పంచే కమిటీలో మీ ఆయనున్నాడుగా మరి!"

"కుళ్లుకోకక్కా. ఏం సుఖం? గొంతు పాడవుతుందని రాత్రంతా నోరే విప్పలేదు. ఉప్పు కావాలన్నా సైగే."

"మావాడైతే ఒకటే వాగుడు. అది చాలదన్నట్టు నా గిన్నెలన్నీ బోర్లించి వాయించాడు. సొట్టలు పడ్డాయి!"

"విన్నాంలే, మధ్యలో ఉన్నది ఒక్క గోడేగా. మామయ్య కూడా మంచంకోడు మీద తాళం వేశారటగా?"

"ఎవరు చెప్పారు?"

"మా ఆయన. కిటికీలోంచి చూసి ఏడ్చేశాడు. మంచం పట్టాక నాన్న చెయ్యి కదపడం ఇదే మొదటిసారి అన్నాడు."

పెద్దకోడలు ఇంకో కుర్చీ అందుకుంది.

"అక్కా, ఈ పూటకి మార్చుకుందామా? పాటగాణ్ణి నువ్వు తీసుకో. డ్రమ్ములతన్నీ మామయ్యనీ మా ఇంటికి పంపు."

పెద్దకోడలు చేతిలో కుర్చీ టక్కున దించింది.

"అదేం కుదరదు. వాడికి నా గిన్నెలు అలవాటైపోయాయి."